మన కయ్యలలోని ఎండ్రకాయ, రొయ్య: వాని పుట్టుపూర్వోత్తరములు

గూడూరు ప్రాంతములో వరి సాగుచేయు రైతులకు ఎండ్రకాయను పరిచయము చేయవలసిన పని లేదు. నాట్లు ముగించి ఇంటికి పోయి, మూడవనాటి ఉదయము వచ్చి చూచునప్పటికి కయ్యలో అక్కడక్కడ కుదుళ్ళు కత్తెరతో కత్తిరించినట్లు నీటిమీద తేలుచుండును. ముందురోజు సాయంకాలము నిండుగా పెట్టిన నీరు తెల్లవారునప్పటికి క్రింది కయ్యలోనికి దిగిపోయి యుండును. గెనిమను పరీక్షించినచో బొక్క కనబడును. గోదావరి జిల్లాలవారు దీనినే పీత యందురు. పేరేదైనను రైతునకు కలుగు చికాకు ఒక్కటియే.

ఆ మధ్య గూడూరు సమీపమున ఒక చెరువు క్రింది ఆయకట్టులో గెనిమమీద నిలబడి మాట్లాడుచుండగా ఒక పెద్దరైతు నన్ను ఇట్లడిగినాడు: "ఏం సారూ, ఎండాకాలం చెరువంతా నెర్రెలిచ్చి పోయుండింది గదా. ఒక్క వాన పడేతలికి ఇన్ని ఎండ్రకాయలు ఎక్కడ్నించి వచ్చుండాయి? సముద్రం నించి ఏమన్నా ఎగబాకి వస్తాయా?"

వేసవిలో ఇవి ఎక్కడికిని పోవు. గట్టులో తేమ తగులువరకు కలుగును లోతుచేసికొని, దాని నోటిని బురదతో మూసికొని లోపల కదలక పడియుండును. వాన పడిన రాత్రి వెలుపలికి వచ్చును. ఈ సంవత్సరపు ఎండ్రకాయ సంగతి ఇంతే. కాని దాని వంశముయొక్క సంగతి వేరు. ఆ పెద్దాయన మాట ఒక విధముగా నిజమే. కోట్ల సంవత్సరములకు పూర్వము దీని మూలపురుషులు సముద్రమునుండియే వచ్చినవి. ఆ కథ తెలిసినచో కయ్యలో ఎండ్రకాయను ఎట్లు అదుపులో ఉంచవలెనో, రొయ్యల గుంటలో ఏమి జాగ్రత్త పడవలెనో కొంత సులభముగా తెలియును. అందుచేతనే ఈ వ్యాసము.

ప్రపంచములో ఇంతవరకు గుర్తింపబడిన పీత జాతులు సుమారు 7,000. వీనిలో చాల భాగము సముద్రములోనివే. జీవితమంతయు మంచినీటిలోనే గడుపునవి 1,300కు పైగా ఉన్నవి, అనగా దాదాపు అయిదవ వంతు. మన దేశములో ఇట్టివి 100కు పైగా కలవు. 1910లో కలకత్తా ఇండియన్ మ్యూజియమువారు ప్రచురించిన ఆల్‌కాక్ దొరగారి పట్టికనుండి నేటివరకు క్రొత్త జాతులు చేరుచునే యున్నవి. మన పల్లపు కయ్యలలో సాధారణముగా కనబడు ఎండ్రకాయకు శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు ఓజియోటెల్ఫూసా సెనెక్స్. 1798లో ఫాబ్రిషియస్ అను శాస్త్రజ్ఞుడు దీనికి సెనెక్స్ అని నామకరణము చేసెను. లాటిను భాషలో ఆ మాటకు ముసలివాడు అని అర్థము. ఆయనకు అది ఎందుకు ముసలిగా తోచినదో గాని, నారు కత్తిరించుటలో దానికి ముసలితనమేమియు లేదు.

సముద్రపు పీతను తెచ్చి మంచినీటిలో వేసినచో సాధారణముగా బ్రతుకదు. ఎందువలన? శనగలు నీటిలో నానవేసినపుడు ఉబ్బుట మీరు చూచియున్నారు. నీరు ఉప్పదనము తక్కువగా ఉన్న వైపునుండి ఎక్కువగా ఉన్న వైపునకు పలుచని పొరలగుండ పోవును. సముద్రపు పీత రక్తములో లవణములు సముద్రములో ఉన్నంత ఉండును గనుక అక్కడ చిక్కు లేదు. అదే మంచినీటిలో ఉన్నపుడు మొప్పలగుండ నీరు లోపలికి తోసికొని వచ్చును, లోపలి ఉప్పు వెలుపలికి పోవును. మన ఎండ్రకాయ ఈ కష్టమును మూడు విధముల దాటినది. రక్తములోని లవణములను సముద్రపు పీతలో ఉండు దానిలో సుమారు సగమునకు తగ్గించుకొన్నది. మొప్పల పొరలను నీరు సులభముగా చొరకుండునట్లు మార్చుకొన్నది. నీటిలో ఉన్న కొద్దిపాటి సోడియమును, క్లోరైడును ఏరి రక్తములోనికి పంపు కణములను మొప్పలలో పెంచుకొన్నది. పోయిన ఉప్పును ఎప్పటికప్పుడు తిరిగి సంపాదించుకొనుచుండును.

ఈ విషయమున మన తిరుపతికి కొంత ప్రతిష్ఠ కలదు. 1954లో స్థాపించబడిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయములో జంతుశాస్త్ర పరిశోధకులు 1960 దశకమునుండియే పొలపు ఎండ్రకాయలను రకరకముల ఉప్పునీళ్ళలో ఉంచి, వాని శ్వాసక్రియ ఎట్లు మారునో పరీక్షించిరి. మన గెనిమలలో మనము తిట్టుకొను ప్రాణిపై ఇంత పరిశోధన జరిగినదని చాలమందికి తెలియదు.

ఉప్పు సంగతికంటె ముఖ్యమైనది సంతానపు సంగతి. పులికాటు సరస్సులోను, కృష్ణపట్నము వైపు ఉప్పుటేళ్ళలోను దొరకు మండపీత ఒక్క కాన్పులో ఇరువది లక్షలకు పైగా గ్రుడ్లు పెట్టగలదు. పొదిగిన పిల్లలు కంటికి ఆననంత చిన్నవి. వాని రూపమునకు, తల్లి రూపమునకు పోలిక ఉండదు. వారములకొలది సముద్రపు నీటిలో కొట్టుకొనిపోవుచు, అనేక రూపములు మార్చి తుదకు పీతలగును. లక్షలలో బ్రతికి బయటపడునవి ఏ కొన్నియో. ఇట్టి పిల్ల వాగులో పుట్టినచో వరదలో సముద్రమునకు కొట్టుకొనిపోవును. కనుక మంచినీటి ఎండ్రకాయ ఆ పద్ధతినే మానివేసినది. గ్రుడ్లు కొన్ని వందలకు మించవు, కాని ప్రతి గ్రుడ్డు పెద్దది. పిల్ల ఈత దశలన్నియు గ్రుడ్డులోపలనే గడిపి, సంపూర్ణమైన చిన్న ఎండ్రకాయగా వెలుపలికి వచ్చును. వచ్చిన పిదప గూడ కొన్నాళ్ళు తల్లి పొట్టక్రింది రేకులో దాగియుండును. పొట్టక్రింది రేకు వెడల్పుగా ఉన్నచో ఆడది, సన్నగా కోసుగా ఉన్నచో మగది. పిల్లలతో ఉన్న ఆడదానిని పట్టి రేకు తీసి చూచినచో నూకలవలె గుంపుగా కదలుచుండుట మీరే చూడవచ్చును.

ఈ మార్పువలన రెండు ఫలితములు కలిగినవి. ఒకటి, ఎండ్రకాయ సముద్రమునకు దిగనక్కరలేకుండ కొండవాగులకు, చెరువులకు, కయ్యలకు ఎక్కగలిగినది. రెండవది, అది ఉన్నచోటనే చిక్కుకొన్నది. సముద్రపు పీత పిల్ల వందల మైళ్ళు కొట్టుకొనిపోగలదు. ఎండ్రకాయ పిల్ల తల్లి కాళ్ళు నడచినంత దూరమే పోవును. ఒక కొండలోయలోని గుంపునకు ప్రక్కలోయలోని గుంపుతో రాకపోకలు లేక, లక్షల సంవత్సరములలో వేరువేరు జాతులైనవి. పడమటి కనుమలలో ఒక్క వాగు పరిసరములకే పరిమితమైన జాతులు ఉన్నవి. మన పల్లపు జాతి మాత్రము కాలువలు, చెరువులు, కయ్యలు ఒకదానితో ఒకటి కలిసియుండుటచేత విస్తారముగా వ్యాపించినది. ఒకవిధముగా దానికి బాట వేసినవారు చెరువులు త్రవ్విన మన పూర్వులే.

భారత ద్వీపకల్పములోని ఎండ్రకాయలన్నియు దాదాపు ఒకే కుటుంబమునకు చెందినవి. హిమాలయములలోను, ఈశాన్య రాష్ట్రములలోను మరియొక కుటుంబపు జాతులు ఎక్కువ. జన్యువులను పోల్చి చూచిన పరిశోధకులు, మన ఎండ్రకాయల వంశము ఆగ్నేయాసియాలో పుట్టి, సుమారు నాలుగు కోట్ల సంవత్సరములకు పూర్వము, భారతభూమి ఆసియాతో పూర్తిగా అతుకుకొనకముందే ఇటు చేరియుండునని భావించుచున్నారు.

ఇక రొయ్య. ఇది ఎండ్రకాయవలె సంసారమును పూర్తిగా మంచినీటికి మార్చుకొనలేదు. సగము దారిలో నిలిచినది. ఆ సగము దారియే నెల్లూరు, గూడూరు రైతులకు ఒకప్పుడు లాభమును, తరువాత నష్టమును తెచ్చినది.

మొదట రెండు వంశములను వేరు చేసి చూడవలెను. నేడు గుంటలలో విస్తారముగా పెంచుచున్న వనామీ, అంతకు పూర్వము పెంచిన టైగరు రొయ్య సముద్రపు వంశమువి. ఇవి గ్రుడ్లను నీటిలోనికి వదలివేయును. ఉప్పు తక్కువైన నీటిలో పెరిగినంత మాత్రమున వనామీ మంచినీటి రొయ్య కాదు. నీలకంఠ రొయ్య, గోదావరి రొయ్య నిజమైన మంచినీటి వంశమువి. ఇవి గ్రుడ్లను పొట్టక్రింద మోయును. గుర్తుపట్టుటకు ఒక తేలిక పద్ధతి కలదు. తల వెనుక తోకభాగములోని కణుపులను ప్రక్కనుండి చూడుడు. రెండవ కణుపు ప్రక్కరేకు ముందున్న మొదటిదానిని, వెనుకనున్న మూడవదానిని రెండింటిని కప్పుచున్నచో అది మంచినీటి వంశము. మొదటి కణుపు రేకే రెండవదానిని కప్పుచున్నచో సముద్రపు వంశము.

మంచినీటి రొయ్యలు ప్రపంచములో 700 జాతులకు పైగా కలవు. మన చెరువులలో పాచి పట్టుకొని తిరుగు చిన్న గాజురొయ్యలలో కొన్నింటి పట్టుకాళ్ళ చివర కుంచెవంటి వెండ్రుకలుండును. వానితో పాచిని తుడిచి తినును. ఆ కుటుంబము దాదాపు పూర్తిగా మంచినీటిదే. పెద్దవైన నీలకంఠ రొయ్య, గోదావరి రొయ్య మాత్రము పిల్లల కొరకు నేటికిని ఉప్పునీటిని మరువలేదు. తల్లిరొయ్య వరదకాలమున నదివెంట దిగి మొగదల చేరును. పిల్లలు అక్కడి చప్పటి ఉప్పునీటిలో నెలకు పైగా పెరిగి, రొయ్య రూపము వచ్చిన తరువాత అంచుల వెంబడి ప్రాకుచు ఎదురు నీటిలో పైకి వచ్చును. ధవళేశ్వరము ఆనకట్టను ప్రాకి ఎక్కు గోదావరి రొయ్యపిల్లలను అక్కడివారు ఎరుగుదురు. ఏటికి అడ్డముగా కట్టిన ప్రతి ఆనకట్ట రొయ్యకు ఒక తలుపు మూసినట్లే. మీ చిన్ననాట ఏటిలో దొరకిన పెద్ద రొయ్య ఇప్పుడేల దొరకుట లేదని అడుగువారు ఈ సంగతి గమనింపవలెను.

నీలకంఠ రొయ్యను గుంటలలో పెంచవలెనని చాలమంది ప్రయత్నించిరి గాని, పిల్లలు పొదిగిన కొలది దినములకే చచ్చుచుండెను. మలయాలో పనిచేయుచుండిన షావో వెన్ లింగ్ అను శాస్త్రజ్ఞుడు, పిల్లలకు కొంచెము ఉప్పుగల నీరు అవసరమని 1961లో కనుగొనెను. ఆ ఒక్క విషయము తెలిసిన తరువాతనే హ్యాచరీలు సాధ్యమైనవి. సముద్రమును వదలి వచ్చిన వంశముయొక్క పాత అలవాటు ఒక పరిశ్రమను ఎంతకాలము ఆపియుంచెనో చూడుడు.

నెల్లూరు జిల్లాలో నీలకంఠ రొయ్య సాగు 1990 దశకము చివరలో ఊపందుకొన్నది. 2005 ప్రాంతమునకు దేశపు ఉత్పత్తి 40 వేల టన్నులు దాటినది. అందు పెద్ద భాగము ఆంధ్రదేశముదే. ఆ పిదప కొలది సంవత్సరములలోనే అది కూలిపోయినది. తెల్లతోక రోగము పిల్లదశలోనే హ్యాచరీలను తుడిచిపెట్టినది. కరీబియన్ ద్వీపములలో 1990 దశకములో కనబడిన ఈ వైరసు రోగము మన దేశములో ఉన్నట్లు 2004లో ప్రకటింపబడినది. దీనికితోడు తల్లిరొయ్యలను ఏటినుండి క్రొత్తగా తేక, గుంటలలో పెరిగినవానినే తరతరములుగా వాడుటచేత ఎదుగుదల మందగించినది. 2009లో వనామీకి అనుమతి వచ్చిన తరువాత రైతులు అటు మరలిరి. వారిని తప్పుపట్టుటకు లేదు. కాని ఏటిలోని మేలిజాతి తల్లిరొయ్యలే ఈ సాగునకు విత్తనపు గాదె. ఏరు చెడినచో ఆ గాదె చెడును. నీలకంఠ రొయ్యను మరల తలపెట్టువారు, హ్యాచరీవారిని మొట్టమొదట తల్లిరొయ్య ఎక్కడిదని అడుగుడు. తెల్లతోక వైరసు పరీక్ష చేయించిన పత్రము చూపమనుడు. ధర మాట తరువాత.

ఇప్పుడు మన దేశములో లేని ప్రాణిని గురించి చెప్పవలసియున్నది. లేనిదానిని గురించి ఎందుకని మీరు అనుకొనవచ్చును. లేకుండుటయే మన అదృష్టము గనుక.

క్రేఫిష్ అనునది చూచుటకు ముందు పెద్ద గోళ్ళుగల బలిసిన రొయ్యవలె ఉండును. సముద్రపు లాబ్‌స్టరుకు దగ్గరి చుట్టము. ఇదియు ఎండ్రకాయవలెనే ఈత పిల్లలను మానివేసి, పిల్లలను పొట్టక్రింద మోయును. రెండు వంశములకును దగ్గరి సంబంధము లేకున్నను, ఒకే కష్టమునకు రెండును ఒకే ఉపాయము కనుగొన్నవి. ప్రపంచములో వీని జాతులు 650కి పైగా కలవు. సగమునకు మించి ఉత్తర అమెరికాలో ఉన్నవి. ఆస్ట్రేలియాలో నూటికి పైగా, మడగాస్కరులో కొన్ని ఉన్నవి. భారతదేశములోను, ఆఫ్రికా ఖండపు ప్రధాన భూభాగములోను స్వతస్సిద్ధముగా ఒక్కటియు లేదు. మడగాస్కరు, భారతభూమి సుమారు 8.8 కోట్ల సంవత్సరములకు పూర్వమువరకు కలిసియుండినవే. అక్కడ ఉండి ఇక్కడ లేకపోవుట వింతయే. 6.6 కోట్ల సంవత్సరముల క్రింద దక్కను పీఠభూమిని ముంచెత్తిన లావా ప్రవాహముల కాలములో నశించినవని కొందరు, చల్లని నీరు కోరు ప్రాణి వేడిప్రాంతములగుండ సాగిన ప్రయాణములో మిగులలేదని కొందరు ఊహించుచున్నారు. తరువాత వచ్చిన ఎండ్రకాయలు ఆ ఖాళీని నింపినవి.

అమెరికాలోని లూసియానా ప్రాంతపు ఎఱ్ఱ క్రేఫిష్‌ను 1970 దశకములో స్పెయిన్ దేశపు గ్వాడల్‌క్వివిర్ నదీ పల్లములకు తెచ్చిరి. అది వరి పండు ప్రాంతము. తెచ్చినది అమ్మకము కొరకే, అమ్మకమును జరిగినది. కాని అది గట్లను, కాలువలను తొలిచి నీటిని కార్చినది, లేత మొలకలను తిన్నది, నీటిమొక్కలను నాశనము చేసినది. తనతో తెచ్చిన బూజు రోగము యూరపులోని స్వదేశీ క్రేఫిష్‌లను చంపినది. చైనాలో వరితో కలిపి దానిని పెంచి లాభము గడించుచున్న మాట నిజమే. ఆ లాభము చూచి ఆశపడువారు మన గెనిమల సంగతి తలచుకొనవలెను. ఒక్క ఎండ్రకాయతోనే వేగలేకపోవుచున్నాము.

అంతకంటె భయపడవలసినది గీతల క్రేఫిష్. 1990 దశకములో జర్మనీ దేశపు అక్వేరియము దుకాణములలో మొదట కనబడిన ఈ జాతిలో అన్నియు ఆడవే. మగదానితో పని లేకుండ ఒక్కటియే పిల్లలను పెట్టును. అనగా ఒక్కదానిని చెరువులో విడిచినను చాలును. గత ఇరువది సంవత్సరములలో ఇది మడగాస్కరులోని వరిపొలములకు, కాలువలకు వ్యాపించినది. పట్టణములలో అలంకారపు చేపలతోపాటు రంగురంగుల క్రేఫిష్‌లను అమ్ముచున్నారు. చదువుకొను పిల్లలు కొని తెచ్చి, విసుగుపుట్టినపుడు జాలిపడి చెరువులో విడుచుట సహజము. ఇంట్లో అట్టిది ఉన్నచో చెరువులో గాని, కాలువలో గాని, బావిలో గాని విడువనీయకుడు. దుకాణమునకే తిరిగి ఇచ్చివేయుడు.

తిరిగి మన గెనిమకు వత్తము. ఎండ్రకాయ నారు కత్తిరించుట ముఖ్యముగా నాటిన మొదటి రెండు వారములలోనే. కుదురు గట్టిపడిన పిదప దానివలన మొక్కకు కలుగు నష్టము తక్కువ. కావున దమ్ము సమయముననే గెనిమను రెండు వైపుల చెక్కి, కలుగులను లోతువరకు త్రవ్వి, బురదతో గట్టిగా మెత్తవలెను. పైన మాత్రము పూసినచో రెండవ రాత్రికే తెరచును. సన్నని గెనిమకంటె వెడల్పు గెనిమ మేలు. ఒక వైపు తొలిచినను రెండవ వైపునకు చేరుటకు దూరమగును. మరీ లేత నారు నాటక, కాస్త ముదిరిన నారును కుదురునకు రెండు మూడు మొక్కలుగా నాటుడు. పోయిన కుదుళ్ళను పది దినములలోపల పూరింపవలెను. గెనిమ ప్రక్కన మూతి నేలమట్టమునకు ఉండునట్లు కుండలు పాతి, తవుడు వేసి ఉంచినచో రాత్రి మేతకు వచ్చినవి అందులో పడును. దీపము పట్టుకొని చేతితో ఏరుటయు మంచిదే. దొరకినవి పులుసునకు పనికివచ్చును గదా.

కలుగులలో పురుగుమందు పోయు అలవాటు కొన్ని చోట్ల ఉన్నది. ఇది మానవలెను. రొయ్యకు, ఎండ్రకాయకు, పురుగునకు నరముల నిర్మాణములో దగ్గరి పోలిక కలదు. పురుగును చంపు మందు వీనిని గూడ చంపును. చావని మోతాదులో గూడ మలాథియాన్, మిథైల్ పరాథియాన్ మందులు ఎండ్రకాయ కుబుసము విడుచుటను ఆపునని తిరుపతిలోని పరిశోధకులు 1985లో తెలిపిరి. కలుగులో పోసిన మందు అక్కడే ఉండదు. మడవవెంట క్రింది కయ్యకు, అక్కడినుండి పశువులు త్రాగు గుంటకు, ప్రక్కవాని రొయ్యల చెరువునకు దిగును. మందు తిని తూలుచున్న ఎండ్రకాయను పట్టి ఎవరో కూలిపిల్లలు ఇంటికి కొనిపోయి వండుకొందురు. ఎవరు పోసినదో వారికి తెలియదు. కొంగ, నీటికాకి, ముంగిస, నక్క దానిని తిని తామును దెబ్బతినును. అవియే మనకు కూలి అడుగని కాపలాదారులు.

కొన్ని వందల పిల్లలనే కను ప్రాణి, వేరొకచోటునుండి కొట్టుకొని రాలేని ప్రాణి, ఒకచోట పూర్తిగా పోయినచో తిరిగి వచ్చుట కష్టము. ప్రపంచపు మంచినీటి పీతలలో దాదాపు ఆరవ వంతు జాతులు అంతరించు ప్రమాదములో ఉన్నవని 2009లో జరిగిన పరిశీలన తెలిపినది. మన పల్లపు ఎండ్రకాయకు ఇప్పుడు ఆ భయము లేదు. అయినను అది చచ్చిన చేపను, కుళ్ళిన ఆకును, నత్తను తిని కయ్యను శుభ్రపరచుచున్నది. దానిని గెనిమనుండి తరుముడు, కాలువనుండి తరుమనక్కరలేదు.

తినువారికి ఒక మాట. జలుబునకు, దగ్గునకు ఎండ్రకాయ రసము మంచిదని మన ప్రాంతములో త్రాగుదురు. మణిపురము, నాగాలాండు, అరుణాచలప్రదేశములలో కొండవాగుల పీతలను పచ్చిగాను, సగము ఉడికించియు తినినవారికి ఊపిరితిత్తులలో ఒక జాతి పురుగు చేరి, క్షయవలె దగ్గు, రక్తము పడుట కలుగుచున్నది. కనుక దంచి వడగట్టిన రసమును పచ్చిగా త్రాగక, బాగుగా పొంగి కాగునట్లు కాచిన తరువాతనే త్రాగవలెను. మందు కొట్టిన కయ్యలోని ఎండ్రకాయను మాత్రము కాచినను తినరాదు.